పొయ్యి ముందు నేల

మా అమ్మ పోయిన మూడో నెలలో ఒక ఫోన్ వచ్చింది. మేముండే నేపర్‌విల్‌కి పడమరగా గంట దూరంలో ఉన్న ఒక మొక్కజొన్న పొలాన్నీ, అందులోని షెడ్డునీ అమ్మేస్తున్నారట. ఆ షెడ్డు మూలన నలభై ఏళ్ళకి పైగా పడి ఉన్న మా ట్రైలర్‌ని నెలాఖరులోగా తీసుకెళ్ళకపోతే తుక్కు కింద పంపేస్తామని, షెడ్డు పెద్దాయన కూతురు చాలా మర్యాదగా చెప్పింది. ఆ పెద్దాయన మా నాన్నతో కలిసి పనిచేసినవాడు, ఈమధ్యే పోయాడు. పంపేయండి అనబోయాను. మాట పెదవుల దాకా వచ్చింది కూడా. పక్కన కూర్చుని వింటున్న మా అమ్మాయి మేఘన "నో అమ్మా, ప్లీజ్, నాకు కావాలి, నేను ఫిక్స్ చేసుకుంటా" అని నా చెయ్యి పట్టుకుంది. ఈ కాలం పిల్లలకి ట్రైలర్ అంటే సెలవుల్లో కారు వెనక తగిలించుకుని కొండల్లోకి లాక్కెళ్ళే చక్రాల గది, ఒక సరదా. నాకు పదో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా అదే ఇల్లు.

మా నాన్న వంతెనల ఇంజనీరు. కొత్తవి కట్టేవారు కాదు, కట్టి ఉన్నవాటికి ఎక్కడ జబ్బు చేసిందో కనిపెట్టేవారు. ఒక నది మీద వంతెనలన్నీ చూడటం అయిపోతే ఇంకో నదికి పంపేవాళ్ళు. రెండు మూడు నెలలకోసారి ఊరు మారేది. అద్దె ఇళ్ళు వెతికి విసిగిపోయి, చివరికి ఎవరో వాడి వదిలేసిన ఇరవై రెండడుగుల ట్రైలర్ ఒకటి కొన్నారు. ఆయన జేబులో ఎప్పుడూ లావుపాటి పసుపుపచ్చ క్రేయాన్ ఒకటి ఉండేది. కాంక్రీటులో పగులు కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టి, అక్కడికి నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ వెళ్ళి, దొరికిన చోటికి బాణం గీసి, పక్కన తన పొడి అక్షరాలు వేసేవారు. సెలవు రోజుల్లో నన్ను వెంట తీసుకెళ్ళి టార్చిలైటు పట్టుకోమనేవారు. పగులు దగ్గరే ఆగిపోకూడదు, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోవాలి అని నాకు పాఠం చెప్పినట్టు చెప్పేవారు. ఆ టార్చి పట్టుకున్నంతసేపూ నన్ను మించినవాళ్ళు లేరనుకునేదాన్ని.

ఆ ట్రైలర్‌లో మా కాపురం చూస్తే ఇప్పటివాళ్ళు నమ్మరు. తలుపు తీస్తే ఎదురుగా పొయ్యి, పొయ్యి పక్కన సింకు, సింకు మీద అర, ఆ అరలో దేవుళ్ళు. అన్నం తినే బల్ల రాత్రికి నా మంచం. ఇడ్లీ పిండి పొంగాలంటే నీళ్ళు కాగే డబ్బా పక్కన పెట్టాలి, ఆ డబ్బా ఉండేది బాత్రూంలో. పొద్దున్నే నేను స్నానానికి వెళ్ళాలంటే ముందు పిండి గిన్నె బయటికి రావాలి. మా బట్టలకీ, నా స్కూలు పుస్తకాలకీ, చివరికి నా జడ రిబ్బన్లకీ ఇంగువ తిరగమోత వాసన. క్లాసులో పిల్లలు ముక్కు మూసుకుంటే ఇంటికొచ్చి అమ్మ మీద అరిచేదాన్ని.  మర్నాడు అమ్మ పప్పు తిరగమోత లేకుండా వండేది, నాన్న ఒక ముద్ద తిని కంచం వైపు చూసేవారు.

చివరికి నాన్నే దానికో ఉపాయం ఆలోచించారు. పొయ్యి పైన గోడకి రంపంతో చతురస్రంగా కన్నం కోసి, అందులో చిన్న ఫ్యాను బిగించారు. పొగా వాసనా బయటికి పోవాలని. ఆ రోజు అమ్మ మొహం నాకింకా గుర్తుంది. పెళ్ళయ్యాక తన కోసమని నాన్న తన చేత్తో చేసిపెట్టిన మొదటి వస్తువు అదేనని తర్వాత నాతో అంది. ఫ్యాను తిప్పి, దాని కింద ఆవాలు చిటపటలాడించి, బయటికి పరిగెత్తి వాసన వస్తోందో లేదో చూసింది. "వస్తోందండీ, బయటికే వస్తోంది!" అని ట్రైలర్ చుట్టూ చిన్నపిల్లలా తిరిగింది.

అమ్మకి ఒక అలవాటు ఉండేది. శుక్రవారం పొద్దున్న ఇల్లు కడగాలి. తెనాలి దగ్గర తను పెరిగిన ఇంట్లో నాపరాళ్ళ నేల, వాలు చూసి వేసినది, బిందెడు నీళ్ళు పోస్తే గడప దాటి వీధిలోకి వెళ్ళిపోయేవి. అదే అలవాటుతో చక్రాల మీద నిలబడ్డ ప్లైవుడ్డు నేలని కూడా కడిగేది. ఊరి నుంచి సూట్‌కేసులో చీరల మధ్య దాచి తెచ్చుకున్న కొబ్బరి చీపురుతో, సగం బకెట్టు నీళ్ళలో చిటికెడు పసుపు వేసి, లోపలి నుంచి గుమ్మం దాకా తోసి, గుమ్మంలోంచి గడ్డి మీదికి దించేసేది. వెంటనే పాత చీర ముక్కతో తుడిచి, తలుపులు తెరిచి ఆరబెట్టేది. తర్వాత ఇనప మెట్టు మీద చాక్‌పీసుతో నాలుగు గీతల ముగ్గు. ట్రైలర్లు ఆపుకునే పార్కులో పక్కవాళ్ళు గడ్డిలో కుర్చీలు వేసుకుని ఆ తంతంతా చూసేవాళ్ళు. నాకు తల తీసేసినట్టు ఉండేది. "చెక్క నేలకి నీళ్ళు పడవే, నానిపోతుంది" అని నాన్న చెబుతూనే ఉండేవారు. "సగం బకెట్టేగా అండీ, తుడిచేస్తున్నాగా" అనేది అమ్మ. ఈ ఒక్క విషయంలోనే ఆవిడ నాన్న మాట వినలేదు.

రెండో ఏడాది వానలు బాగా పడ్డాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ పొయ్యి మీంచి పప్పు గిన్నె దించి వెనక్కి తిరిగింది. పెళుక్కుమని చప్పుడు. ఆవిడ కుడికాలు మోకాలి దాకా నేలలో దిగబడిపోయింది. విరిగిన చెక్క అంచుల మధ్య మడమ ఇరుక్కుపోయింది. చిత్రం ఏమిటంటే పప్పు గిన్నె మాత్రం ఒలకలేదు. రెండు చేతులతో దాన్ని పైకెత్తి పట్టుకుని, "ముందిది అందుకో, ముందిది అందుకో" అని నన్ను పిలుస్తూనే ఉంది. నాన్న వచ్చి కాలు బయటికి తీశారు. మడమ పక్కకి తిరిగిపోయి ఉంది. తర్వాత స్క్రూడ్రైవరుతో నేలని పొడిచి చూశారు. చెక్క నానబెట్టిన అటుకుల్లా లేచి వచ్చింది.

"ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అన్నారు. నన్నూ అడగలేదు, అమ్మనీ అడగలేదు. వంతెన ముందు నిలబడి తనని తను ప్రశ్నించుకున్నట్టు అడిగారు. జవాబు చెప్పింది నేను. "అమ్మ ప్రతి శుక్రవారం బకెట్లు బకెట్లు పోస్తుంది కదా నాన్నా" అన్నాను. బకెట్లు బకెట్లు అన్నాను, అది సగం బకెట్టని తెలిసి కూడా. టార్చి పట్టుకునే అసిస్టెంటుని కదా, కారణం నేనే కనిపెట్టి ఇచ్చానని గర్వం. నాన్న అమ్మ వైపు తిరిగి "ఎన్నిసార్లు చెప్పాను?" అన్నారు. అమ్మ నొప్పికి పెదవి కొరుక్కుంటూ "నాదే పొరపాటండీ" అంది. ఆ మాటతో అది తేలిపోయింది. ఇంకెవరూ దాని గురించి ఆలోచించలేదు.

కాలికి కట్టు వేశారు కానీ ఎముక సరిగ్గా అతకలేదు. అప్పటి నుంచి అమ్మ కుంటుతూనే నడిచింది. తర్వాతి శని, ఆదివారాల్లో నాన్న నేల బాగుచేశారు. పొయ్యి పక్కకి జరిపి, పైన పరిచిన షీటు కోసి, కుళ్ళిన చెక్క తీసేసి, గోడకి కొట్టిన పలక కూడా విప్పడం మొదలుపెట్టారు. నేను టార్చి పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. గోడ పలక సగం ఊడి వచ్చాక, "నువ్వు బయటికెళ్ళి అమ్మ దగ్గర కూర్చో" అన్నారు. అంతకు ముందెప్పుడూ అలా పంపలేదు. నేనేం తప్పు చేశానో తెలియక ఉక్రోషం పట్టలేక ఏడ్చాను. అమ్మే నన్ను దగ్గరికి తీసుకుని, "పని ఎక్కువుందేమోలే, నా వల్లే కదా ఇదంతా" అని ఓదార్చింది.

ఆ మర్నాటి నుంచి అమ్మ ఇల్లు కడగడం మానేసింది. కొబ్బరి చీపురు ఏమైందో కూడా నాకు తెలియదు. తర్వాత నేపర్‌విల్‌లో ఇల్లు కొన్నారు, ట్రైలర్ షెడ్డుకి వెళ్ళింది. ఆ ఇంట్లో వంటగదికి పలకల నేల, ఎన్ని నీళ్ళు పోసినా ఏమీ కాదు. అయినా ఆవిడ గుడ్డ తడిపి, గట్టిగా పిండి, బాగులేని కాలు పక్కకి చాపుకుని నేల మీద కూర్చుని తుడిచేది. కొత్త చోటికి వెళితే ముందు నాన్ననే అడిగేది. "ఈ నేలకి తడి తగలొచ్చా అండీ?" నేను పెళ్ళి చేసుకుని ఇల్లు కొనుక్కున్నప్పుడు కూడా అందరూ గదులు చూస్తుంటే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే. నాన్న ప్రతిసారీ ఓపిగ్గా జవాబు చెప్పేవారు.

ఇక ఆ కథ మా ఇంటి ఆస్తి అయి కూర్చుంది. "ట్రైలర్‌కి అభిషేకం చేసిన మహాతల్లి" అని మా కుటుంబ స్నేహితుడొకాయన పేరు పెట్టాడు. పుట్టినరోజులకీ, గృహప్రవేశాలకీ, దీపావళికి తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్కులకీ నేనే ఆ కథ చెప్పేదాన్ని. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చీపురు ఊపుతూ, గిన్నె పైకెత్తి, అమ్మ గొంతుతో నేను నటించి చూపిస్తుంటే జనం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వేది. ఆవిడ నవ్వుతోంది కదా అని నేను ప్రతి ఏడూ ఇంకో బకెట్టు కలిపేదాన్ని. చివరికి అమ్మ పెద్దకర్మ నాడు హాల్లో మైకు చేతికిస్తే అక్కడా అదే చెప్పాను. అమ్మ అమాయకత్వం ఎంత ముద్దుగా ఉండేదో అందరికీ తెలియాలని. హాలంతా ఏడుస్తూనే నవ్వింది. ముందు వరసలో నాన్న తల వంచుకుని కూర్చున్నారు. భార్య గుర్తొచ్చి ఏడుస్తున్నారనుకున్నాను.

ట్రైలర్‌ని మా ఇంటి ముందుకి లాక్కొచ్చాం. వారం మించి ఉంచితే కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఉత్తరం పంపుతారు కాబట్టి వెంటనే పని మొదలుపెట్టాం. షెడ్డు కప్పు కారి, మంచం వైపు నేల మెత్తబడింది. అక్కడొక్కచోటే అతుకు వేద్దామని నేను, మొత్తం తీసి కొత్త ప్లైవుడ్డు పరుద్దామని మేఘన. దానికి మా నాన్న పోలిక, సగం పని చేయదు. రెండు రోజులు వంగి షీటు గీకాం. నా నడుం పడిపోయింది. గుమ్మం దగ్గర చెక్క బయటపడ్డప్పుడు మేఘన సుత్తితో కొట్టి చూసి, "అమ్మా, ఇక్కడ వుడ్ పర్ఫెక్ట్‌గా ఉంది, చూడు" అంది. చూశాను. నిన్న కోసి తెచ్చినంత గట్టిగా ఉంది. నేనేమీ ఆలోచించలేదు. ఇంకో గంట పని చేశాక నడుం నిటారుగా చేసుకుంటుంటే అప్పుడు తట్టింది. అమ్మ శుక్రవారం నీళ్ళన్నీ వెళ్ళింది ఆ గుమ్మంలోంచే కదా అని.

పొయ్యి వైపు వెళ్ళాం. అక్కడ నాన్న వేసిన అతుకు చెక్క కనిపించింది, కొలిచి కోసినట్టు, అంచులు కలిసిపోయి. గోడ పలక విప్పాం. లోపలి చెక్క మీద ఫ్యాను కన్నం కింది అంచు నుంచి నేల దాకా నల్లటి చార. వాననీళ్ళు కారి కారి కట్టిన చార. కన్నం చుట్టూ, ఇక నీళ్ళు దిగకుండా, తారు దట్టంగా పూసి ఉంది. చార అడుగున పసుపుపచ్చ క్రేయాన్‌తో సున్నా. సున్నా నుంచి పైకి, తిన్నగా ఫ్యాను కన్నం దాకా, బాణం. పక్కన నాన్న పొడి అక్షరాలు. వెలుతురు సోకలేదేమో, రంగు ఏ మాత్రం మాయలేదు.

"వావ్, తాతయ్య మార్క్ చేశాడు. లీక్ ఇక్కణ్ణుంచి అన్నమాట" అంది మేఘన. తర్వాత నా మొహం చూసి, "అమ్మా? వాట్ హ్యాపెండ్?" అంది. నేను అక్కడే, నేల కింది దూలాల్లో ఒకదాని మీద కూలబడిపోయాను. ముందు నాకు నాన్న గుర్తు రాలేదు. బకెట్లు బకెట్లు అన్న నా గొంతే వినిపించింది. ఆ తర్వాత కోపం వచ్చింది, ఒళ్ళంతా మండిపోయేంత కోపం. ఒక మనిషి నడక మారిపోయింది. ఒక మనిషి నలభై ఏళ్ళ పైన తన సొంత ఇంట్లో నేల తడపడానికి భయపడింది. ఇప్పుడు మా వంటింట్లో పొయ్యి మీద గది సగం ఆక్రమించే, పొగ లాగే హుడ్ ఉంది, పిల్లి లాంటి ఒక మర తనంతట తనే తిరిగి నీళ్ళు చల్లి నేల తుడుస్తుంది. పెద్దతనంలో నాన్నతో పాటు మా దగ్గరికి వచ్చేసిన అమ్మ దాని వెనకాలే కుంటుకుంటూ నడిచి, ఎక్కడైనా తడి మిగిలిందేమోనని గుడ్డతో అద్దేది. చాదస్తం అని నవ్వుకునేవాళ్ళం.

బాణం ఉన్న చెక్కని కోసి తీసుకుని గ్యారేజీలోకి వెళ్ళాను. నాన్న వాకర్ పక్కన పెట్టుకుని, తలుపు దగ్గర ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చెక్క ఆయన ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు పైకి జరిపి చూశారు. వేలితో బాణాన్ని ఒకసారి నిమిరారు.

"ఇది మీ రాతేనా నాన్నా?"

"నాదే."

"అంటే మీకు తెలుసు."

"తెలుసు తల్లీ. పలక విప్పగానే తెలిసింది. నిన్ను బయటికి పంపింది అందుకే." "చెబుదామనే బయటికొచ్చాను. మీ అమ్మ కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే, 'బాగా పాడైందా అండీ, నా వల్ల మీకెంత పని పడిందో' అంది. నాకు నోరు రాలేదు. ఊళ్ళో వంతెనలన్నిటికీ తప్పులు పట్టేవాణ్ణి, నా చేత్తో కోసిన కన్నం నా పెళ్ళాం కాలు విరగ్గొట్టిందని ఎలా చెప్పను? రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాటికి ఇంకా కష్టమైంది. ఏడాది పోయాక, ఇన్నాళ్ళూ ఎందుకు దాచారంటుందేమో అనిపించింది."

"అమ్మ అలా అడిగే మనిషా?"

"కాదు. ఒక్క మాట అనదు. అందుకే చెప్పలేకపోయాను."

"నేను మైకులో చెప్పి నవ్వించాను నాన్నా. ఆవిడ పెద్దకర్మ నాడు. మీరు ముందు వరసలో కూర్చుని విన్నారు." నా గొంతు నాకే కొత్తగా ఉంది. నాన్న మీద నేను గొంతెత్తడం అదే మొదటిసారి.

"నువ్వు అప్పుడు చిన్నపిల్లవి. నీ తప్పేం లేదు."

"పెద్దకర్మ నాటికి నాకు యాభై దాటాయి."

ఆయన చెక్కని తిరగేసి ఒళ్ళో బోర్లా పెట్టుకున్నారు. మేఘన గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. నేను లోపలికి వెళ్ళబోయాను. అప్పుడు పిలిచారు.

"చివరి వారంలో నువ్వు మందులకి వెళ్ళిన రోజు. హాల్లో ఆ మంచం మీద పడుకుని ఉంది కదా, దాహమేసి గ్లాసు అందుకోబోయింది. చెయ్యి తగిలి ఒలికిపోయింది. చెక్క నేల కదా మీ హాలు. లేవలేని మనిషి, కొంగుతో తుడుద్దామని మంచం మీంచి వంగుతోంది. నేను వాకర్ వదిలేసి వెళ్ళి పట్టుకున్నాను. నా మొహంలోకి చూసి, 'ఏమనుకోకండి, మళ్ళీ నేల పాడుచేశాను' అంది. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం."

"మీరేమన్నారు?"

నాన్న ఒళ్ళోని చెక్కని మళ్ళీ బాణం పైకి వచ్చేలా తిప్పారు.

"ఈసారికి పర్వాలేదులే అన్నాను."